ఎవరూ మార్చమనని అద్దం

ఆ వాచీల దుకాణం అన్నదమ్ముల్లో పెద్దవాడు చచ్చిపోయింది సాయంత్రం నాలుగూ ఇరవై రెండుకని మా మరిది తేల్చేశాడు. శవాన్ని చూసిన డాక్టరు నాలుక్కీ ఆరుకీ మధ్య అన్నాడు, అంతకన్నా గట్టిగా చెప్పలేనన్నాడు. మా మరిదికి ఆ మాటతో పనిలేకపోయింది. శవం చేతికున్న వాచీ అద్దం పగిలి, ముళ్ళు నాలుగూ ఇరవై రెండు దగ్గర నిలిచిపోయి ఉన్నాయి. ఆ వేళకి దుకాణంలో ఉన్నది తమ్ముడు. అన్నదమ్ములు అరుచుకోవడం ఎదురింటివాళ్ళు విన్నారు. ఇంకేముంది, తమ్ముణ్ణి తీసుకెళ్ళి లాకప్పులో పడేశాడు. ఆ రోజు సాయంత్రం కోర్టులో నిలబెట్టబోతున్నాడు.

మా మరిదంటే మా ఆయనకి సొంత తమ్ముడు, పోలీసు ఇన్‌స్పెక్టరు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఆదివారం ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం, సోమవారం నుంచి ఒకరి పనికి ఒకరం అడ్డం పడతాం. ఇద్దరికీ సర్దిచెప్పలేక మా ఆయన ఆదివారాలు తలనొప్పి తెచ్చుకుంటాడు.

కేసు నా దగ్గరికి తెచ్చింది ఆ అన్నదమ్ముల తల్లి. మోకాళ్ళు పట్టేసిన మనిషి, కర్ర పట్టుకుని నా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఒకణ్ణి మోసుకుపోయారు, ఒకణ్ణి లాక్కుపోయారు. మొదటివాణ్ణి ఎలాగూ తేలేరు. రెండోవాణ్ణయినా తెచ్చిపెట్టమ్మా," అంది. అలా అడిగితే కాదనడం నాకు చేతకాదు. ఆ కేసు కట్టింది మా మరిది అని తెలిశాక అసలే కాదనబుద్ధి కాలేదు.

వాళ్ళ ఇల్లు ముందు దుకాణం, వెనక సంసారం. మధ్యలో తలుపు లేదు, మందపాటి తెర ఒకటి వేలాడుతోంది. తెరకి ఇవతల ఇనుప మంచం, దాని మీద ముసలావిడ, ఎదురుగోడకి పెద్ద గోడగడియారం. దుకాణంలో జరిగేదంతా ఆవిడ వింటుంది, చూడటం మాత్రం తక్కువ. దుకాణం వీధి తలుపు తాళం పోలీసుల దగ్గరుంది. పెరటి దారిన వచ్చిన నేను తెర తప్పించి వెళ్ళొచ్చు, కానీ పోలీసులు లేకుండా ఏదైనా ముట్టుకుంటే అది సాక్ష్యంగా చెల్లదు, మా మరిది వచ్చేదాకా ఆగాలి. ఈలోగా ఆవిణ్ణి అడగవలసినవి అడిగేద్దామని మంచం పక్కన స్టూలు లాక్కున్నాను.

"గొడవ దేని గురించి పిన్నిగారూ?"

"ఇంకేముంటుంది, అద్దాల గురించే," అంది. "పెద్దవాడు పాత వాచీలు బాగుచేసి అమ్ముతాడు. ఎవరైనా తాతదో తండ్రిదో సర్వీసింగుకి తెస్తే అదీ చేస్తాడు. పాత వాచీలకి ప్లాస్టిక్ అద్దాలుంటాయి చూడు, పచ్చబడి, గీతలు పడి. వీడు వాటిని పీకేసి కొత్త గాజు అద్దాలు బిగిస్తాడు. కంపెనీవి ఇప్పుడెక్కడ దొరుకుతాయి. ఎవరో ఎక్కడో చేసి అమ్మేవి, డజన్లకొద్దీ తెప్పిస్తాడు. పోనీ అడిగి మారుస్తాడా అంటే అదీ లేదు. చేతికిచ్చేటప్పుడు తళతళలాడితే వాళ్ళే మెచ్చుకుంటారంటాడు."

"చిన్నవాడికది నచ్చదు."

"ఎందుకు నచ్చుతుంది. అడక్కుండా ముట్టుకోకు, ఆ గీతలే వాళ్ళకి కావాలేమో నీకేం తెలుసు అంటాడు వాడు. ఎప్పుడూ అదే పాట. పైగా ఈసారి వచ్చిన అద్దాలు మంచివి కావు. వాచీలు ఆగిపోతున్నాయని జనం తిరిగి పట్టుకొస్తున్నారు. ఆ రోజు చిన్నవాడు అదే చెప్పాడు, వీడు చెవిన వేసుకోలేదు, వాడు గట్టిగా అరిచాడు. అరిచి, ఈ తెర పక్కకి లాగి 'అమ్మా, డ్యూటీకి వెళ్తున్నా' అని చెప్పి మరీ వెళ్ళాడు. అన్నని చంపినవాడు అమ్మకి చెప్పి వెళ్తాడా తల్లీ?"

చంపినవాళ్ళు అంతకంటే చాలానే చేస్తారు. ఆ మాట ఆవిడతో అనలేదు.

చిన్నవాడు అచ్చాఫీసులో మిషను మీద పనిచేస్తాడు. పావుతక్కువ ఐదు నుంచి రాత్రి దాకా మిషను దగ్గర్నుంచి కదల్లేదని అక్కడి ఫోర్‌మన్ మా మరిదికే చెప్పాడు. అందుకే మా మరిదికి ఆ నాలుగూ ఇరవై రెండు అంత ముద్దొచ్చింది. చావు ఐదు దాటాక జరిగిందంటే చిన్నవాడి మీద కేసు నిలవదు.

"వాడు వెళ్ళాక పెద్దవాడి గొంతు మీకు వినిపించిందా?"

"వినిపించింది. ఇన్‌స్పెక్టరు బాబుకీ చెప్పాను. తెర అవతల్నుంచి 'అమ్మా, టైమెంత' అనడిగాడు. ఆ గడియారం చూసి 'ఐదు కావస్తోందిరా' అన్నాను. 'ఐదింటికి ఒకాయన వాచీ కోసం వస్తానన్నాడు' అన్నాడు. అదే ఆఖరు మాట. తరవాత నాకు కునుకు పట్టింది. లేచేసరికి చీకటి పడింది. ఎంత పిలిచినా పలకలేదు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. 

"చుట్టూ అన్ని వాచీలు పెట్టుకుని టైము మిమ్మల్ని అడిగాడా?"

"బాగుకొచ్చిన వాచీలమ్మా, ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తుంది. ఇదివరకైతే చేతి వాచీ చూసుకునేవాడు. ఈమధ్య మాటిమాటికీ నన్నే అడుగుతున్నాడు."

"ఇదంతా విని ఇన్‌స్పెక్టరు ఏమన్నాడు?"

"మామ్మగారూ, బాధలో మీకు ముందూ వెనకా తెలియడంలేదు, అది అంతకుముందు రోజు మాటై ఉంటుంది అన్నాడు. రాసుకోలేదు."

నాకు ఒళ్ళు మండింది. మా మరిది తొందరపాటు మనిషే, ముక్కు మీద కోపమే, కానీ సాక్షి చెప్పినమాట రాసుకోకుండా వదిలేసే రకం కాదు. పనిలో అలసత్వం చూపించాడని ఇంతవరకూ నేను కూడా అనలేదు, అనడానికి ఎంత సరదాపడ్డా.

అప్పుడే వీధి తలుపు తాళం తీసిన చప్పుడైంది. నేను తెర తప్పించి దుకాణంలోకి నడిచాను.

కానిస్టేబుల్ని పంపినా సరిపోయేది. తనే వచ్చాడు, ఒక్కడే వచ్చాడు. యూనిఫాం లేదు. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు.

"చూసేది తొందరగా చూసెయ్ వదినా. నాకు కోర్టు పనుంది."

"నీ పని తగ్గిద్దామనే వచ్చానయ్యా."

పెదవి విరిచాడు. ఎడమచెయ్యి ఒకసారి విదిలించి, చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. విసుగొస్తే అలా చేస్తాడు కాబోలనుకున్నాను.

చిన్న గది. కిటికీ కింద పని బల్ల, దాని మీద దీపం, కంటికి పెట్టుకునే భూతద్దం, అగ్గిపుల్లంత స్క్రూడ్రైవర్లు. బల్లకి ఎదురుగా ఇనుప బీరువా. దాని మూల మీద నెత్తురు ఎండి నల్లబడింది. పెద్దవాడు వెల్లకిలా పడి ఉన్నాడట, తల బీరువా దగ్గర, ఎడమచెయ్యి నేలకేసి కొట్టుకుని. వెనక్కి తోస్తే ఎలా పడతాడో అలా. కత్తి లేదు, కర్ర లేదు. దెబ్బ ఒక్కటే. చంపడానికి వచ్చినవాడు చేసిన పనిలా నాకు అనిపించలేదు. కోపం వచ్చినవాడు చేసిన పని.

"నువ్వు ఈ దుకాణానికి ఇదివరకు వచ్చావా?" ఊరికే అడిగాను.

"శవాన్ని చూడటానికి రావడమే మొదటిసారి. పాత సామాన్ల మీద మోజు నాకెక్కడిది?"

శవం చేతి వాచీని కవరులో పెట్టి తెచ్చాడు. కవరు విప్పకుండానే పెద్దవాడి భూతద్దం కంటికి ఆనించుకుని చూశాను. పగిలింది గాజు అద్దం. పాత ప్లాస్టిక్ అయితే పగులిచ్చి ఊరుకునేది, ఇలా ముక్కలై రాలేది కాదు. ఒక పెద్ద ముక్క లోపలివైపు సన్నటి గీత కనిపించింది. విల్లులా వంగిన గీత, అదేపనిగా ఏదో రాచుకుంటే పడేది. ముళ్ళు చూశాను. పెద్ద ముల్లు సరిగ్గా చిన్న ముల్లు మీద ఉంది, కింది ముల్లు కనిపించనంతగా.

"నాలుగూ ఇరవై రెండుకి ముళ్ళు రెండూ కలుస్తాయి," అన్నాను.

"కలిస్తే?"

బల్ల సొరుగు లాగాను. కొత్త అద్దాల పొట్లం అక్కడే ఉంది, అన్నీ ఒకటే సైజు. ఒకటి తీసి బల్ల మీద పెట్టాను. పక్కనే బాగుచేయకుండా మిగిలిన పాత వాచీ ఒకటి పెట్టాను. పాతదాని అద్దం బోర్లించిన మూకుడులా ఉబ్బెత్తుగా ఉంది. కొత్తది పలకలా చదునుగా ఉంది.

"చూశావా? పాత అద్దం కింద ముళ్ళకి చోటుంది. దీని కింద లేదు. పెద్ద ముల్లు అద్దానికి రాచుకుంటుంది, అద్దం దాన్ని కిందికి నొక్కుతుంది. నొక్కితే చిన్న ముల్లుని దాటేటప్పుడు తగులుకుంటుంది. తగులుకుంటే వాచీ ఆగిపోతుంది. పెద్దవాడి వాచీ పడ్డందుకు ఆగలేదు, అంతకుముందే ఆగింది. అందుకే టైమెంత అని తల్లిని అడిగాడు."

"కథలు బాగా అల్లుతున్నావు వదినా."

"కథో కాదో చూద్దాం. కొత్త అద్దం వేసిన వాచీ ఇదిగో. నువ్వే కీ ఇవ్వు. మళ్ళీ నేను ముట్టుకున్నానంటావు."

తీసుకోలేదు. నేను చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను. చివరికి అందుకుని కీ ఇచ్చాడు, ముళ్ళు మూడుంబావుకి కాస్త ముందు పెట్టాడు. ఇద్దరం బల్ల మీదికి వంగి చూస్తున్నాం. ఇరవై ఏళ్ళలో మా ఇద్దరి తలలూ అంత దగ్గరగా వచ్చి, ఒక్క మాటైనా అనుకోకుండా ఉన్నది అదే మొదటిసారి. పెద్ద ముల్లు మెల్లగా జరిగి చిన్న ముల్లుని కప్పింది. టిక్కుటిక్కుమనే చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడు విదిలించు," అన్నాను.

విదిలించాడు. మళ్ళీ నడిచింది. తల ఎత్తేసరికి అతని మెడ మీద చెమట కారుతోంది.

"సరే. ఐదు దాటాకే చచ్చాడనుకో. చిన్నవాడు తిరిగొచ్చి చంపాడు."

"మరి ఫోర్‌మన్?"

"అబద్ధమాడి ఉంటాడు."

"మొన్నటిదాకా నీ సాక్షి. ఇవాళ అబద్ధాలకోరు అయిపోయాడా?"

"ఇది ఇల్లు కాదు వదినా, నీ మాట చెల్లడానికి."

"ఇంట్లో మాత్రం ఎక్కడ చెల్లుతోందిలే. ఐదింటికి వాచీ కోసం వస్తానన్న మనిషి ఎవరు?"

"అలాంటి మనిషే లేడు."

"ఆవిడ నీకు చెప్పింది. నువ్వు రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదు?"

 కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తన తప్పు బయటపడి మొహం చెల్లక అలా తిరిగాడనుకున్నాను. గెలిచానని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక ఆ ఐదింటి మనిషిని పట్టుకుంటే చిన్నవాడు సాయంత్రానికి ఇల్లు చేరతాడు. అతను వాచీ తీసుకోవడానికి వచ్చాడు. తీసుకోవడానికంటే ముందు పెద్దవాడు దాన్ని సర్వీసింగు చేసి ఉండాలి. చేశాడంటే అలవాటుగా పాత అద్దం పీకి ఉండాలి.

"పిన్నిగారూ," తెర వైపు తిరిగి గొంతు పెంచాను, "పీకేసిన అద్దాలు ఏంచేస్తాడు?"

"బల్ల కింద రేకు డబ్బా ఉంటుంది చూడమ్మా. అందులో పడేస్తాడు," అంది తెర వెనక నుంచి.

మా మరిది గిరుక్కున తిరిగాడు. నేను అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా లాగి, మూత తీశాను. సగం దాకా పాత ప్లాస్టిక్ అద్దాలు. గీతలు పడ్డవి, పొగ పట్టినట్టున్నవి. ఆఖరున పీకినది అన్నిటికంటే పైన ఉంటుంది.

పైన ఉన్నది పచ్చబడిన అద్దం. అంచు దగ్గర మొదలైన పగులు నడిమి దాకా వచ్చి, అక్కడ రెండుగా చీలింది. ఒక పక్కన చిన్న గుంట, కాలి కరిగి గట్టిపడ్డ గుంట.

ఆ గుంట ఎలా పడిందో నాకు తెలుసు. మా మామగారు వరండాలో దొంగచాటుగా సిగరెట్ కాల్చేవారు. నా అడుగుల చప్పుడు వినబడగానే సిగరెట్‌ని అరచేతిలో దాచుకుని చేతులు కట్టుకునేవారు. అలా ఒకసారి చేతి వాచీనే కాల్చుకున్నారు. "గాజైతే కాలేది కాదమ్మాయ్, ప్లాస్టిక్కు," అని నవ్వి, మీ అత్తయ్యకి చెప్పకు అన్నారు. చెప్పలేదు. ఇక ఆ పగులు ఆయన బస్సు కింద పడిన నాటిది. ఆసుపత్రిలో ఆయన బట్టలతో పాటు వాచీని నా చేతిలోనే పెట్టారు. నేను దాన్ని ఆయన చిన్నకొడుకు చేతికి కట్టాను. ఆ అద్దం మార్పించుకోరా అని ఎవరన్నా అతను ఒప్పుకునేవాడు కాదు. నాన్న చేతి మీద పగిలింది, అలాగే ఉండనీ అనేవాడు. ఇన్నేళ్ళూ ఆ పగులు లోంచే టైము చూసుకున్నాడు.

 నేను కాపురానికి వచ్చేటప్పటికి వాడింకా నిక్కర్లు వేసుకునేవాడు. జ్వరమొస్తే నా పక్కనే పడుకుంటానని మారాం చేసేవాడు. భగవంతుడా, ఇది నేననుకుంటున్నది కాకుండా చూడు అనుకున్నాను.

"ఏం దొరికింది వదినా?"

"పాత ప్లాస్టిక్ ముక్కలు." అద్దాన్ని గుప్పిట్లో మూసి లేచి నిలబడ్డాను. అడగక తప్పదు. "టైమెంతయిందయ్యా?"

అతను ఆలోచించకుండా చొక్కా చెయ్యి పైకి జరిపి చూసుకున్నాడు.

"ఒకటీ ఐదు."

తెర వెనక నుంచి ముసలావిడ, అలవాటు కొద్దీ కాబోలు, "రెండు కావస్తోందమ్మా," అంది.

అతను మళ్ళీ వాచీ వైపు చూశాడు. నేనూ చూశాను. మామగారి వాచీ మీద కొత్త అద్దం తళతళలాడుతోంది. దాని కింద ముళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి ఆగి ఉన్నాయి.

ఈసారి చెయ్యి విదిలించలేదు. నెమ్మదిగా వీధి తలుపు దగ్గరికి నడిచి గడియ వేశాడు. తిరిగొచ్చి నాకు ఎదురుగా నిలబడ్డాడు.

"నూనె పెట్టమని ఇచ్చాను వదినా. అద్దం మార్చమని చెప్పలేదు." గొంతు బాగా తగ్గించాడు. "పాతది నాకిచ్చెయ్యమన్నాను. అదెందుకండీ, చెత్తలో పడేశాను, ఇదెంత బాగుందో చూడండి అని నవ్వాడు. ఒక్క తోపు తోశాను. అంతే. తరవాత చెత్తబుట్టంతా వెదికాను, దొరకలేదు. డబ్బాలో ఉంటుందని నాకేం తెలుసు."

"ఒక్క తోపు అయితే ఆ చిన్నవాణ్ణెందుకు లోపలేశావు?"

 చెయ్యి చాచాడు.

"అది నాన్నది. ఇటివ్వు."

"ఇస్తే వాణ్ణి వదిలేస్తావా?"

"ఇవ్వు వదినా."

కర్ర నేలకి ఆనిన చప్పుడైంది. తెర పక్కకి జరిగింది. ముసలావిడ నిలబడి ఉంది. నావైపు చూడలేదు, గడియ వేసిన తలుపు వైపు చూడలేదు.

"ఐదింటికి వస్తానన్నది నువ్వేనా బాబూ?" అంది.

మా మరిది ఆవిడ వైపు, నా గుప్పిట వైపు చూసి, చాచిన చేతిని నడుం దగ్గరికి, చొక్కా కిందికి పోనిచ్చాడు. తుపాకీ అక్కడే పెట్టుకుంటాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను అద్దాన్ని వదలకుండా వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.